కంప్యూటరులో దారి మళ్లించు దొంగ – వదిలించుకొను విధము

మన నేత కుటుంబములలో ఇప్పుడు మగ్గముతోపాటు కంప్యూటరు కూడ ఒక పనిముట్టయినది. జాకార్డు అట్టలకు డిజైను గీయుట, చీరల ఫొటోలు వర్తకులకు పంపుట, జీఎస్‌టీ లెక్కలు వేయుట, ప్రభుత్వ పథకములకు దరఖాస్తులు పెట్టుట, బ్యాంకు ఖాతా చూచుకొనుట – ఇవన్నియు ఒకే పెట్టెలో జరుగుతున్నవి. అటువంటి పెట్టెలోనికి ఒక దొంగ చేరి, మనము ఒక చోటికి పోదలచితే వేరొక చోటికి తీసికొని పోతే ఏమగునో, వానిని వెళ్లగొట్టుట ఎట్లో ఈ పాఠములో చెప్పదలచినాము.

మన పిల్లలు కంచిలో తమిళము, షోలాపూరులో మరాఠీ, బెంగుళూరులో కన్నడము, బరంపురములో ఒరియా చదువుకొంటున్నారు. తెర మీది మాటలు మాత్రము అందరికిని ఇంగ్లీషులోనే ఉన్నవి. కనుక నొక్కవలసిన చోట్ల పేర్లు తెర మీద ఎట్లున్నవో అట్లే తెలుగు అక్షరములలో వ్రాసినాము. పాఠమును ప్రక్కన పెట్టుకొని, ఒక్కొక్క మెట్టే చేసికొనుచు పోవచ్చును.

మా యింట జరిగినది

ముందు మా సంగతి దాచకుండ చెప్పుట మంచిది. కంచిలో మా యింట ఒక కంప్యూటరున్నది. మా కుమారుడు దాని మీద చదువుకొనును, బుటాలు గీయును. రాత్రివేళ సంఘము పని మిగిలితే మేమును దాని మీదనే చేయుదుము. సభ్యుల మజూరీ పట్టీ, వారి బ్యాంకు ఖాతాల నంబర్లు, ఆధారు నకళ్లు అందులో ఉన్నవి.

ఒక వారము బ్రౌజరు తెరచినప్పుడెల్ల ఎన్నడు చూడని వెదుకుడు పేజీ వచ్చుట మొదలు పెట్టినది. నూలు ధర అని వెదకితే చెప్పులు, మందులు, జూదపు ఆటల ప్రకటనలు వచ్చినవి. ఒకనాడు తెరయంత ఎఱ్ఱగా మారి, మీ కంప్యూటరుకు వైరసు సోకినది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు అని చప్పుడు చేసినది. మేము కుమారుని మీద కోపపడితిమి. ఆటలు దించుకొని యంత్రమును పాడు చేసితివని అందరి యెదుట అన్నాము. వాడు కాదని చెప్పినను నమ్మలేదు.

తరువాత మొదటి పేజీని మేమే మార్చినాము. మరునాడు పాతదే వచ్చినది. మరల మార్చినాము, మరల వచ్చినది. మూడుసార్లు ఇట్లయినది. అప్పుడు మాకు తోచినది మన వృత్తిలోని సంగతియే. జాకార్డు అట్టలో ఒక రంధ్రము తప్పుగా పడితే, అట్టల దండ తిరిగి ఆ అట్ట వచ్చినప్పుడెల్ల బట్టలో అదే తప్పు పడును. బట్ట మీది పోగును ఎన్నిసార్లు దిద్దినను లాభము లేదు. తప్పున్న అట్టను వెదకి తీయవలెను. మేము మూడుసార్లును బట్టనే దిద్దినాము గాని అట్టను వెదకలేదు.

ఈ పాఠమంతటికి సారము ఇదే. కనబడు పేజీ తప్పు కాదు, తప్పునకు ఫలితము. దానిని మరల మరల వేయుచున్నది లోపల ఎక్కడనో ఉన్నది. అది ఒక చోట కాక మూడు నాలుగు చోట్ల ఉండవచ్చును. ఒక్కటి మిగిలినను తక్కినవి మరల పుట్టును.

ఇది ఏమి? ఎందుకు చేయుదురు?

దీనిని బ్రౌజర్ హైజాకర్ అందురు. మన అనుమతి లేకుండ, లేదా మన చేతనే తెలియకుండ అనుమతి ఇప్పించుకొని, బ్రౌజరులోని మొదటి పేజీని, వెదుకుడు యంత్రమును మార్చునట్టి ప్రోగ్రాము ఇది. మనము వెదకు ప్రతి మాటను తన చిరునామా మీదుగా పోనిచ్చి, త్రోవలో ప్రకటనలు చూపును. ఆ ప్రకటనను నొక్కినప్పుడు వానికి పైసలు వచ్చును. సంతకు పోవువారిని త్రోవలో నిలిపి తన కొట్టుకు మళ్లించి, కొట్టువాని వద్ద తరుగు పుచ్చుకొను దళారి వంటివాడు వీడు.

ఇది క్రొత్త విద్య కాదు. 2003 లో కూల్‌వెబ్‌సెర్చ్ అను దొంగ ప్రపంచమందలి కంప్యూటర్లను పీడించినది. దానిని తొలగించుటకు నెదర్లాండ్స్ దేశపు విద్యార్థి మెరెయిన్ బెల్లెకోమ్ సాధనములు తయారు చేసి ఉచితముగా పంచినాడు. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అను రక్షణ సంస్థ ఫైర్‌బాల్ అను మరియొక దొంగను బయటపెట్టినది. ప్రపంచములో 25 కోట్ల కంప్యూటర్లు దాని వాత పడినవనియు, అందులో మన దేశమందు 2 కోట్ల 53 లక్షలనియు ఆ సంస్థ అంచనా. ఆ అంచనా మిక్కిలి ఎక్కువగా వేసినారని మైక్రోసాఫ్ట్ సంస్థ అన్నది. లెక్క ఏదైనను, ఫైర్‌బాల్ వచ్చిన త్రోవ మాత్రము మనము గుర్తుంచుకొనదగినది: ఉచిత ప్రోగ్రాముల మూటలో దాగి వచ్చినది.

నేటికిని ముఖ్యమైన త్రోవ అదే. ఉచితముగా దొరకునది ఏదో దించుకొందుము. అమర్చునప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని చదువకుండ నొక్కుదుము. నడుమ ఒక చోట చిన్న గడిలో ముందే టిక్కు పెట్టి, మరియొక ప్రోగ్రాము కూడ అమర్చుటకు సమ్మతమే అని వ్రాసి ఉండును. మన సంతకము మనమే పెట్టినట్లగును. ఉచిత డిజైను సాఫ్ట్‌వేరు, పీడీఎఫ్ మార్చునది, సినిమాలు దించునది, దొంగ నకలు సాఫ్ట్‌వేరు – ఇవి వాని ముఖ్యమైన బండ్లు.

ప్రకటనలే కదా, చూచి ఊరకుందుమని అనుకొనరాదు. బ్రౌజరుకు తగిలించు చిన్న ప్రోగ్రాములను ఎక్స్‌టెన్షన్లు అందురు. వానిలో కొన్ని అన్ని వెబ్ పేజీలలోని సమాచారమును చదువుటకు, మార్చుటకు అనుమతి పొంది ఉండును. అట్టి అనుమతి దొంగ చేతిలో ఉంటే, మనము బ్యాంకు పేజీలో కొట్టిన పాస్‌వర్డు కూడ వానికి కనబడవచ్చును. అంతేకాక, బ్యాంకు సహాయ నంబరు కొఱకు వెదకితే బ్యాంకు నంబరుకు బదులు మోసగాని నంబరు పైన చూపవచ్చును.

మా వీధిలో ఒక సభ్యునికి జరిగినది ఇదే. అతని తెర మీదను ఎఱ్ఱ పేజీ వచ్చినది. అతడు ఆ నంబరుకు ఫోను చేసినాడు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, ఒక యాప్ పెట్టుమని, తెర మీది తొమ్మిది అంకెలు చదువుమని అడిగినాడు. ఆ అంకెలు చెప్పుటతో యంత్రము వాని చేతికి పోయినది. జరీ కొనుటకు దాచిన 22,000 రూపాయలు గంటలోపల పోయినవి. అతడు సిగ్గుపడక అప్పుడే 1930 కు ఫోను చేసినందున కొంత సొమ్ము మధ్యలో నిలిచినది. తక్కినది పోయినట్లే.

ముందు చేయకూడనివి

ఎఱ్ఱ పేజీలో ఉన్న నంబరుకు ఫోను చేయకూడదు. మైక్రోసాఫ్ట్ గాని గూగుల్ గాని హెచ్చరికలో ఫోను నంబరు వేసి పిలువదు. నంబరున్నదంటేనే అది మోసము.

అడిగినవానికి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి యాప్‌లు పెట్టి యంత్రమును అప్పగించరాదు. అవి మంచి పనులకే చేసిన సాధనములు. అయినను పరిచయము లేనివాని చేతిలో ఇంటి తాళము పెట్టుట తగదు.

హెచ్చరిక చూపిన పేజీలోనే శుభ్రపరచు మందు కూడ అమ్ముదురు. దానిని దించుకొనరాదు, సొమ్ము చెల్లింపరాదు.

దొంగ ఉన్న యంత్రము మీద బ్యాంకు పని, యూపీఐ పని, పాస్‌వర్డు మార్చుట – ఏదియు చేయరాదు. ఆ యంత్రము శుభ్రపడు వరకు అట్టి పనులు వేరే చోట చేసికొనవలెను.

తెర బిగిసిపోయి మూయుటకు గుర్తు కనబడకుంటే ఎస్కేప్ మీటను కొంతసేపు పట్టి యుంచవలెను. అప్పటికిని పోకుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చును. అందులో బ్రౌజరు పేరు ఎంచి ఎండ్ టాస్క్ నొక్కవలెను. మరల తెరచినప్పుడు పాత పేజీలను తిరిగి తెరువవలెనా అని అడుగును. వద్దని చెప్పవలెను.

రోగము ఎక్కడ ఉన్నదో పరీక్ష

మందు వేయుటకు ముందు నాడి చూడవలెను. పరీక్షలు మూడు చెప్పెదము.

మొదటిది: క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కితే ఇన్‌కాగ్నిటో అను నల్లని కిటికీ తెరచుకొనును. మనము ప్రత్యేకముగా అనుమతింపనిదే అందులో ఎక్స్‌టెన్షన్లు పని చేయవు. అందులో సరిగా నడచి, మామూలు కిటికీలో చెడుచున్నచో, తప్పు సాధారణముగా ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నది.

రెండవది: క్రోమ్ చెడితే అదే యంత్రములో ఎడ్జ్ లేదా ఫైర్‌ఫాక్స్ తెరచి చూడవలెను. అన్ని బ్రౌజర్లును చెడినవంటే దొంగ బ్రౌజరులో కాక విండోస్‌లోనే కూర్చున్నాడు.

మూడవది: అదే వైఫైతో నడచు ఫోనులో కూడ దారి మళ్లుచున్నదా చూడవలెను. మళ్లినచో తప్పు వైఫై పెట్టెలో, అనగా రౌటరులో ఉండవచ్చును. అప్పుడు రౌటరును మొదటి స్థితికి తెచ్చి, దాని పాస్‌వర్డును మార్చవలెను. కనెక్షను ఇచ్చినవారిని పిలిచి చేయించుకొనుట మేలు.

ఇంకొక్క సంగతి. మూలలో వరుసగా వచ్చు వైరసు హెచ్చరికలన్నియు దొంగ ప్రోగ్రాము పనియే కానక్కరలేదు. ఏదో పేజీలో మనము అల్లౌ అని నొక్కి ఉందుము. ఆ పేజీ అనుమతి పొంది కబుర్లు పంపుచుండును. ఇది చిన్న జబ్బు. దాని మందును నాల్గవ మెట్టులో చెప్పెదము.

తొలగించు క్రమము

ఇక్కడ చెప్పునది విండోస్ కంప్యూటరుకు. క్రమము మార్చరాదు. ముందు ప్రోగ్రామును తీసి, తరువాతనే బ్రౌజరును దిద్దవలెను. తలక్రిందులు చేసితే మేము చేసినట్లు మూడుసార్లు చేయవలసివచ్చును.

1. దస్త్రములు భద్రపరచుట. డిజైనులు, ఫొటోలు, లెక్కల పట్టీలు ఒక పెన్ డ్రైవులోనికి తీసికొనవలెను. ప్రోగ్రాములు ఎక్కించరాదు, దస్త్రములు మాత్రమే. పని ముగిసిన తరువాత ఆ డ్రైవును కూడ పరీక్షింపవలెను.

2. తెలియని ప్రోగ్రాములు తీసివేయుట. సెట్టింగ్స్ తెరచి, యాప్స్, తరువాత ఇన్‌స్టాల్డ్ యాప్స్ నొక్కవలెను. విండోస్ 10 లో దీని పేరు యాప్స్ అండ్ ఫీచర్స్. పట్టీని అమర్చిన తేదీల వరుసను పెట్టవలెను. పీడ మొదలైన నాటికి ఒకటి రెండు దినములు ముందు ఏమేమి చేరినవో చూడవలెను. మనము కోరి పెట్టనిది ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయవలెను. పేరు తెలియనంత మాత్రమున దొంగ అనరాదు. ప్రింటరుకు, శబ్దమునకు కావలసినవి కూడ వింత పేర్లతో ఉండును. తేదీయే మనకు సాక్షి.

మా యింట ఈ మెట్టులోనే తల వంచుకొనవలసి వచ్చినది. దొంగ చేరిన తేదీ చూచితిమి. ఆనాడు మా కుమారుడు పరీక్షకు పోయి ఉన్నాడు. కంప్యూటరు ముందు కూర్చున్నది మేము. ఒక దరఖాస్తును పీడీఎఫ్ చేయవలెనని తొందరలో ఉచితమైనదేదో దించి, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కినది మేమే.

3. ఎక్స్‌టెన్షన్లు తీసివేయుట. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్ అను చోటికి పోవలెను. మనము పెట్టని ప్రతి దానికిని రిమూవ్ నొక్కవలెను. సందేహమున్నవి కూడ తీసివేయుటయే మంచిది. కావలసినది తరువాత పెట్టుకొనవచ్చును. ఎడ్జ్‌లోను, ఫైర్‌ఫాక్స్‌లోను ఇదే విధముగా చూడవలెను. రిమూవ్ అను మాటయే లేకుండ బిగించిన ఎక్స్‌టెన్షన్ కనబడితే దాని సంగతి ఎనిమిదవ మెట్టులో ఉన్నది.

4. నోటిఫికేషన్ల అనుమతి తీయుట. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అనుమతి పొందిన పేజీల పట్టీ అక్కడ ఉండును. ఎరుగని పేర్లన్నియు తీసివేయవలెను. మూలలో వచ్చు హెచ్చరికలు దీనితో చాలవరకు ఆగును.

5. బ్రౌజరును మొదటి స్థితికి తెచ్చుట. క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ సెట్టింగ్స్ అను చోట, రిస్టోర్ సెట్టింగ్స్ టు దెయిర్ ఒరిజినల్ డిఫాల్ట్స్ అని ఉండును. అది నొక్కితే మొదటి పేజీ, వెదుకుడు యంత్రము యథాస్థితికి వచ్చును. ఎక్స్‌టెన్షన్లు నిలిచిపోవును. గుర్తు పెట్టుకొన్న పేజీలు, దాచిన పాస్‌వర్డులు పోవు. కనుక భయపడనక్కరలేదు. ఎడ్జ్‌లో దీని పేరు రిస్టోర్ సెట్టింగ్స్ టు దెయిర్ డిఫాల్ట్ వాల్యూస్. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్, మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ అను పేజీలో రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ అని ఉండును.

6. గుర్తుబొమ్మను, ప్రాక్సీని పరీక్షించుట. తెర మీద ఉన్న క్రోమ్ బొమ్మ పైన కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూడవలెను. టార్గెట్ అను గడిలో క్రోమ్ డాట్ ఈఎక్స్‌ఈ అను మాట తరువాత ఏదైన వెబ్ చిరునామా అంటించి యున్నదా చూచి, ఉంటే దానిని చెరపవలెను. బ్రౌజరును ఎంత కడిగినను, ఈ తోక మిగిలితే తెరచిన ప్రతిసారి దొంగ పేజీయే వచ్చును. అట్లే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ అను చోట యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్ అనునది ఆన్ అయి ఉంటే, ఇంటి యంత్రములో దానితో పని లేదు గనుక ఆఫ్ చేయవలెను.

7. రెండు జల్లెడలు పట్టుట. మొదటిది విండోస్‌తోనే వచ్చు డిఫెండర్. విండోస్ సెక్యూరిటీ తెరచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్ అను చోట ముందు ఫుల్ స్కాన్ చేయవలెను. దీనికి గంటలు పట్టవచ్చును. రాత్రి పెట్టి పడుకొనుట మేలు. తరువాత అక్కడనే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ చేయవలెను. యంత్రము ఆగి మరల లేచి, విండోస్ పూర్తిగా మేలుకొనకముందే వెదకును గనుక దాగుకొన్నవి కూడ దొరకును. ఇది సుమారు 15 నిమిషముల పని. రెండవ జల్లెడ మాల్‌వేర్‌బైట్స్ సంస్థవారి అడ్‌వ్‌క్లీనర్. ఇది ఉచితము. ఇటువంటి ప్రకటనల దొంగల కొఱకే చేసినది. తయారుచేసినవారి సొంత పేజీ నుండి మాత్రమే, వీలైతే శుభ్రమైన వేరే యంత్రములో దించి తేవలెను. దొంగ ఉన్న బ్రౌజరులో ఆ పేరు వెదకితే నకిలీది చేతికి రావచ్చును. క్రోమ్‌లోనే ఒక శుభ్రపరచు సాధనము ఉన్నదని పాత పాఠములలో చదివి యుందురు. గూగుల్ దానిని 2023 మార్చిలో తీసివేసినది. ఇప్పుడు దాని కొఱకు వెదకనక్కరలేదు.

8. బిగించిన మేకును తీయుట. ఇంటి కంప్యూటరులో మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్, అనగా మీ సంస్థ నడుపుచున్నది అని బ్రౌజరు చెప్పితే అనుమానింపవలెను. ఇంటికి సంస్థ ఏమి? ఆఫీసులు తమ యంత్రములను అదుపులో పెట్టుటకు వాడు పాలసీ అను ఆజ్ఞను దొంగ తనకు వాడుకొన్నాడన్నమాట. అయితే కొన్ని వైరసు మందులు కూడ ఇట్టి ఆజ్ఞ వ్రాయును. కనుక వెంటనే చెరపక, ఆజ్ఞలో తెలియని ఎక్స్‌టెన్షన్‌ను గాని, తెలియని వెదుకుడు పేజీని గాని బలవంతముగా పెట్టినట్లున్నదా చూడవలెను. దీని కొఱకు చిరునామా గడిలో క్రోమ్ అను ఇంగ్లీషు మాట, కోలన్ గుర్తు, రెండు ఏటవాలు గీతలు, పాలసీ అను మాట కొట్టితే పట్టీ కనబడును.

ఇది రిజిస్ట్రీ అను చోట వ్రాసి యుండును. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ అను గదులలోను, హెచ్‌కీ కరెంట్ యూజర్ క్రింద అదే వరుసలోను వెదకవలెను. చెరపుటకు ముందు ఫైల్, ఎక్స్‌పోర్ట్ అని నకలు దాచవలెను. పాలసీస్ క్రింద ఉన్న క్రోమ్ గదిని తప్ప ప్రక్క గదులను తాకరాదు. చేయి తిరగనివారు తెలిసినవారిని కూర్చుండబెట్టుకొని చేయవలెను. సంఘమువారు లేదా ప్రభుత్వమువారు ఇచ్చిన యంత్రములో ఈ మెట్టు చేయరాదు. అక్కడ ఆ ఆజ్ఞ నిజమైనదే కావచ్చును.

మరల వచ్చినచో

ఎనిమిది మెట్లును ఎక్కి యంత్రమును ఆపి మరల వేయవలెను. రెండు మూడు దినములు చూడవలెను. మరల వచ్చినదంటే ఒక అట్ట మిగిలినది. రెండు చోట్ల వెదకవలెను.

మొదటి చోటు: యంత్రము లేచినప్పుడు తనంతట లేచు ప్రోగ్రాములు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అను పట్టీలో ఎరుగనివి డిజేబుల్ చేయవలెను. టాస్క్ షెడ్యూలర్ అని వెదకి తెరచి, వేళకు బ్రౌజరును ఒక చిరునామాతో తెరచు పని ఎవరైన వ్రాసి పెట్టినారా చూడవలెను. మా యింట ఒకటి దొరకినది. మేము మార్చిన పేజీని ప్రతి ఉదయము తిరిగి మార్చుచున్నది అదే.

రెండవ చోటును చాలమంది మరచిపోవుదురు. గూగుల్ ఖాతాతో బ్రౌజరులో ప్రవేశించినచో, సింక్ అను ఏర్పాటు ఎక్స్‌టెన్షన్లను, సెట్టింగులను ఖాతాతో కలిపి దాచి, ఆ ఖాతా ఉన్న ప్రతి యంత్రమునకు పంచును. మేము అన్నియు తీసి సంతోషించిన రెండవనాడు ఒక ఎక్స్‌టెన్షన్ తిరిగి ప్రత్యక్షమైనది. విచారింపగా, షోలాపూరులోని మా తమ్ముని యింట మా ఖాతాతో తెరచి వదిలిన పాత ల్యాప్‌టాపులో అది బ్రతికి యున్నది. ఇక్కడ తీయుట, అక్కడి నుండి వచ్చుట. అందుచేత శుభ్రపరచునంతకాలము సింక్‌ను ఆపవలెను. ఆ ఖాతా ఉన్న అన్ని యంత్రములను కడిగిన తరువాతనే మరల పెట్టవలెను.

ఇంత చేసినను పోకుంటే కడపటి మందు ఒకటున్నది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ. విండోస్ క్రొత్తగా అమరును. కీప్ మై ఫైల్స్ అని ఎంచితే మన దస్త్రములు ఉండును గాని ప్రోగ్రాములు పోవును. డిజైను సాఫ్ట్‌వేరుకు లైసెన్సు ఉన్నవారు దాని వివరములు ముందే వ్రాసి పెట్టుకొనవలెను.

తరువాత చేయవలసినవి

శుభ్రమైన యంత్రము నుండి పాస్‌వర్డులు మార్చవలెను. ముందు ఈమెయిలు, తరువాత బ్యాంకు, ఆ తరువాత తక్కినవి. ఈమెయిలు దొంగ చేతిలో ఉంటే తక్కినవన్నియు దాని ద్వారా మరల మార్చగలడు. అందుకే దానిని ముందు మార్చవలెను. ఖాతాలో అన్ని చోట్ల నుండి సైన్ అవుట్ చేసి, రెండంచెల తనిఖీ పెట్టుకొనవలెను.

సొమ్ము పోయినచో ఆలస్యము చేయరాదు. 1930 కు ఫోను చేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ పేజీలో ఫిర్యాదు వ్రాయవలెను. బ్యాంకుకు పాస్‌బుక్ మీద లేదా కార్డు వెనుక ఉన్న నంబరుకే చెప్పవలెను. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 న ఇచ్చిన ఉత్తరువులో, ఖాతాదారు తప్పు గాని బ్యాంకు తప్పు గాని లేక బయటివాని వలన జరిగిన మోసమును మూడు పని దినములలో తెలిపినచో ఆ నష్టము ఖాతాదారు మీద పడదని ఉన్నది. తన పాస్‌వర్డు వంటివి తానే చెప్పినచో, బ్యాంకుకు తెలుపు వరకు జరిగిన నష్టము అతనిదే. తెలిపిన తరువాత జరిగినది బ్యాంకుది. ఏ విధముగా చూచినను గంట ముందు చెప్పినవానికి గంట మేలు.

మరల రాకుండ

ఉచితమైనది దించుకొనవలసివస్తే తయారుచేసినవారి పేజీ నుండియే దించవలెను. అమర్చునప్పుడు కస్టమ్ అని ఎంచి ప్రతి గడిని చదివి, అక్కరలేని టిక్కులు తీయవలెను. పీడీఎఫ్ చేయుటకు వేరే ప్రోగ్రాము అక్కరయే లేదు. విండోస్‌లో ప్రింట్ నొక్కి మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ అని ఎంచితే చాలును. ఈ ఒక్క సంగతి ముందే తెలిసియుంటే మాకు ఈ కష్టము వచ్చియుండదు.

విండోస్‌కు వచ్చు మరమ్మతులను వచ్చినట్లు తీసికొనవలెను. విండోస్ 10 కు మామూలుగా వచ్చు ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14 తో నిలిచినవి. యంత్రము తట్టుకొనగలిగితే విండోస్ 11 కు మారుట మంచిది. పిల్లలకు, పెద్దలకు వేరువేరు ఖాతాలు తెరచి, నిత్యము వాడు ఖాతాకు అడ్మినిస్ట్రేటరు అధికారము లేకుండ చూడవలెను. అప్పుడు ప్రోగ్రాము అమర్చుటకు చాలవరకు పెద్ద పాస్‌వర్డు అడుగును. ఆ ఒక్క క్షణము ఆగి ఆలోచించుటకు అవకాశము దొరకును. సభ్యుల ఆధారు నకళ్లు, ఖాతాల పట్టీలు ఇంటి యంత్రములో ఉంచరాదు. మేము వానిని తీసివేసి, సంఘము కార్యాలయములోని యంత్రమునకు మార్చినాము. జరిగిన సంగతి మా పాలకవర్గమునకు వ్రాతమూలముగా తెలిపి, సభ్యులను ఖాతాలు చూచుకొనుమని హెచ్చరించినాము.

చివరకు ఒక మాట. యంత్రము చెడినప్పుడు ముందు పిల్లవానిని గద్దించుట మన యిండ్లలో అలవాటయినది. గద్దించినవాడు మరునాడు ఎఱ్ఱ పేజీ వచ్చినను చెప్పడు. దాచును, లేదా ఆ నంబరుకు తానే ఫోను చేయును. మోసగానికి కావలసినది ఆ మౌనమే. తేదీ చూచిన ఆ రాత్రియే మేము కుమారుని పిలిచి, తప్పు నాదిరా అని చెప్పినాము. వాడు నవ్వి, రెండవ జల్లెడను తానే పట్టినాడు. టాస్క్ షెడ్యూలర్‌లో దాగినదానిని కనిపెట్టినది కూడ వాడే.

కనుక సభ్యులకు మా మనవి. తెర మీద వింత ఏది కనబడినను ఇంటిలో ఎవరు ముందు చూచితే వారు భయము లేక చెప్పునట్లు ఉండవలెను. బట్టలో తప్పు కనబడగానే మగ్గము ఆపి అట్టలు చూచువాడే మంచి నేతగాడు. కంప్యూటరు విషయములోను అంతే.